నలుగురికి ఎంతవుతుంది

పప్పు మాడింది.

వాసన ముందుగా పసిగట్టింది అమ్మమ్మే. కుడిచేతికి మోచేతి దాకా సిమెంట్ కట్టు. కట్టుచెయ్యి దిండు మీద పెట్టుకుని ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. అక్కడినుంచి వంటగది గుమ్మం కనిపిస్తుంది కానీ పొయ్యి కనిపించదు. అదే ఆవిడ బాధ.

"ఒరే, అడుగంటుతోందిరా. మంట తగ్గించు."

"తగ్గించానమ్మా."

"ఎడంవైపు పొయ్యి నాబ్ తిరగేసి ఉంటుంది. తగ్గిద్దామని తిప్పితే పెరుగుతుంది. అదేగా వెలిగించావు?"

వంటగదిలోంచి గిన్నె దించిన చప్పుడు, వేలు కాలి చెయ్యి విదిలించుకున్న చప్పుడు, ఆ తర్వాత కుళాయి చప్పుడు వినపడ్డాయి.

పదిహేనేళ్ళుగా లిఫ్టులు బాగుచేసే మనిషి మామయ్య. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టులోంచి పెళ్ళివాళ్ళని పట్టుబట్టలు నలగకుండా బయటికి తీశాడని కంపెనీలో పేరుంది. అలాంటివాడిని ఒక పొయ్యి నాబ్ ఓడించింది.

యూనిఫాం వేసుకుని బల్ల దగ్గర కూర్చున్న పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దది అమ్మడికి పన్నెండేళ్ళు. చిన్నది బుడ్డికి ఆరు.

"మామయ్యా, నల్లగా ఉన్నది కూడా పప్పేనా?" అంది బుడ్డి గిన్నెలోకి తొంగిచూసి.

"పైది తిను. కిందది పప్పు కాదు."

"మరేంటి?"

"అనుభవం," అంది అమ్మమ్మ ముందుగదిలోంచి.

అమ్మడు నవ్వలేదు. నిన్న కోర్టు నుంచి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోట మాట లేదు. ఇచ్చిన రొట్టె డబ్బాలో పెట్టుకుంది, చెల్లెలి జడ సరిచేసింది, చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం దగ్గర మామయ్య "జాగ్రత్తే" అంటే తలూపింది. అంతే.

పిల్లలు వెళ్ళాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది.

"నిన్న ఆవిడ అడిగినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అంది అమ్మమ్మ.

వస్తుందని తెలిసిన ప్రశ్నే. మామయ్య మాడిన గిన్నెలో నీళ్ళు పోసి వచ్చి తల్లికి ఎదురుగా నేలమీద కూలబడ్డాడు.

అక్కా బావా కారు ప్రమాదంలో పోయి ఏడాది కాలేదు. పిల్లల్ని తనకిమ్మని వాళ్ళ మేనత్త ఫ్యామిలీ కోర్టుకి వెళ్ళింది. అమ్మమ్మ బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నది కూడా సరిగ్గా అదే రోజుల్లో. అప్పటినుంచి ఇంట్లో పొయ్యి వెలగలేదు. పొద్దున బన్ను, మధ్యాహ్నం బడి ముందు ఏదో ఒకటి, రాత్రి పార్సిలు. మేనత్త ఒకరోజు పిల్లల్ని చూడ్డానికొచ్చి చెత్తబుట్ట కూడా చూసి వెళ్ళింది. నిన్న కోర్టులో కౌన్సిలర్ మేడం ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ఒక్క ముక్క పెంచకుండా.

"ఇంట్లో వండితే సరిపోతుందండి," అన్నాడు మామయ్య అప్పుడు.

"సంతోషం. నలుగురికి రోజుకి ఎంతవుతుంది?" అంది కౌన్సిలర్.

లిఫ్టు తాడు ఎంత బరువు మోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇంట్లో నలుగురు తినడానికి ఎంతవుతుందో తెలియలేదు. చేతులవంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ గదిలో గడియారం లేకపోబట్టి సరిపోయింది, ఉంటే క్షణాలు కూడా వినిపించేవి.

"ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటికి వస్తాను," అంది ఆవిడ చివరికి. "పిల్లలకి ఏం పెడతారు, ఎంతవుతుంది, ఎవరు వండుతారు, అన్నీ రాసి ఉంచండి. బడి ఫీజులకి వాళ్ళ నాన్న ఇన్సూరెన్స్ ఉంది, దాని గొడవ లేదు. నాకు కావలసింది తిండి సంగతి. బుధవారం జడ్జిగారి ముందుకి వెళ్తుంది." తర్వాత అమ్మడి వైపు తిరిగి, "నిన్ను కూడా అడుగుతారు తల్లీ. పన్నెండేళ్ళు నిండాయి కదా, నీ ఇష్టం కూడా వింటారు," అంది.

అప్పుడు మూసుకుంది ఆ పిల్ల నోరు.

"మాట్లాడవేంరా?" అంది అమ్మమ్మ.

"తెలీలేదమ్మా. తెలిస్తే చెప్పేవాణ్ణి కదా."

"నన్నడిగితే చెప్పేదాన్ని."

"సరే, అడుగుతున్నాను. చెప్పు. ఎంతవుతుంది?"

అమ్మమ్మ ఎడంచేతి వేళ్ళమీద లెక్కపెట్టబోయి మొదటి వేలి దగ్గరే ఆగిపోయింది. నలభై ఏళ్ళు వండింది. ఇంత తెచ్చారు, ఇంతలో సర్దింది. ఎంతవుతుందని ఆవిణ్ణి ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"అయితే ఇద్దరం ఒకే క్లాసులో ఉన్నాం," అన్నాడు మామయ్య లేస్తూ. "ఆదివారానికి నేర్చుకోవాలి."

* * *

ఆ సాయంత్రం డ్యూటీ దిగి రెండు సంచులు మోసుకుంటూ వచ్చాడు. అమ్మమ్మ ఎడంచేత్తో ఒక్కొక్కటే బయటికి తీసి విచారణ మొదలుపెట్టింది.

"బీన్స్ అరకిలో ఎందుకు?"

"తాజాగా ఉన్నాయి."

"తాజాగా ఉన్నవన్నీ కొంటే బజారంతా మోసుకురావాలి. ఈ కాలీఫ్లవర్ ధర అడిగావా?"

"అడిగాను."

"బేరం?"

"ఆవిడ ఇద్దరు పిల్లల తల్లినంది."

"నువ్వేమన్నావు?"

"నాకూ ఇద్దరన్నాను. ఒక కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చింది."

అమ్మమ్మ నవ్వు ఆపుకోడానికి మొహం పక్కకి తిప్పుకుంది. అంతలో నూనె చిన్న ప్యాకెట్లు, పావుకిలో పప్పు పొట్లాలు కనిపించేసరికి ఆ నవ్వు కాస్తా ఆవిరైపోయింది.

"పావులూ పరకలూ కొంటే ప్యాకెట్టు ఖరీదు కూడా మనమే కట్టాలిరా. పప్పు రెండు కిలోలు ఒకేసారి తెచ్చుకో. నూనె డబ్బా తెచ్చుకో. కూరలు మాత్రం రెండురోజులవి చాలు, కుళ్ళిపోయినవి కూడా లెక్కలోకే వస్తాయి."

రాత్రి భోజనాలయ్యాక మామయ్య కాగితం మీద కూడాడు. ఆ రోజు మాడినది, పారేసినది, ఎక్కువ తెచ్చినది కలిపి నాలుగువందల ముప్పై.

"పార్సిళ్ళకి ఎంతయ్యేది?"

"ఐదువందల ఇరవై."

"చచ్చీ చెడీ వండి మిగిల్చింది తొంభై," అంది అమ్మమ్మ.

"మొదటిరోజు కదా."

ఆ మాట అన్న తీరు అమ్మమ్మకి తెలుసు. చిన్నప్పుడు పాడైన రేడియో విప్పి నేలంతా పరిచి, బాగయ్యేదాకా అన్నానికి లేవనప్పుడు కూడా ఇదే గొంతు.

మర్నాడు కిరాణా కొట్టు అతన్ని బతిమాలి పాత కాటా ఒకటి తెచ్చాడు. దాన్ని వంటగది గట్టుమీద పెట్టి, తల్లిని కుర్చీతో సహా గుమ్మంలోకి జరిపాడు.

"చెప్పు. నలుగురికి బియ్యం ఎంత?"

"నాలుగు గుప్పిళ్ళూ, పైన కాస్త."

"గుప్పెడంటే ఎంత?"

"నా గుప్పెడు."

"నీ గుప్పెడు కట్టులో ఉందమ్మా."

"ఎడంచెయ్యి లేదా?"

ఎడంచేత్తో బియ్యం తీసి పళ్ళెంలో పోసింది. మామయ్య తూచాడు. పిల్లలకి బడిడబ్బాలతో కలిపి రోజుకి తొమ్మిదివందల గ్రాములు తేలింది. "కాస్త" నూనె తూచారు, "చిటికెడు" కారం తూచారు. తన చిటికెలో అంత కారం పడుతుందని అమ్మమ్మకే తెలీదు. అమ్మడు పెన్ను పట్టుకుని పక్కన నిలబడి, చెప్పింది చెప్పినట్టు రాసింది. మాట మాత్రం లేదు.

గ్యాసు దగ్గర చిన్న యుద్ధమే జరిగింది.

"సిలిండరు నా చేతిలో నలభై రోజులు వస్తుంది. నీ చేతిలో నెల రాదు."

"ఏం, నా మంట వేరా?"

"నువ్వు మూత పెట్టవు. పప్పు నానెయ్యవు. కూర తరిగేముందే పొయ్యి వెలిగిస్తావు. గ్యాసు గాలిని వండుతుంది."

మామయ్య వాదించలేదు. పొద్దున్నే పప్పు నానేశాడు. అన్నీ తరిగి పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీశాడు. ఒక గిన్నె దిగగానే అదే సెగ మీద రెండోది ఎక్కించాడు. వేళ్ళకి రెండు బ్యాండేజీలు పడ్డాయి కానీ పప్పు మాడలేదు.

"ఇవాళ ఇది పప్పే," అంది బుడ్డి. ఆ ఇంట్లో అదొక బిరుదు.

గురువారం భోజనాల దగ్గర మామయ్య కాగితం చూస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "చిన్నపిల్లలిద్దరూ అని సగం సగం వేశాం కానీ, అది తప్పమ్మా. బుడ్డికి సగం చాలు. అమ్మడు ఎదిగే పిల్ల. దానికి నాతో సమానంగా వెయ్యాలి. అక్కడే పెరిగింది మనకి."

"వెయ్యి మరి. ఈ వయసులోనే తినాలి," అంది అమ్మమ్మ.

అమ్మడు తన కంచంలోకి చూసుకుంది. వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మామూలుగానే తినేసి లేచింది. ఎవరూ గమనించలేదు.

* * *

కౌన్సిలర్ అడిగిన మూడో ప్రశ్న మామయ్యని లిఫ్టు మీద పనిచేస్తున్నప్పుడు కూడా వదల్లేదు. ఎవరు వండుతారు?

అమ్మమ్మ కట్టు విప్పినా ముందున్నంత బలం రాదని డాక్టరు చెప్పేశాడు. మామయ్యకేమో పగలు డ్యూటీ కాక రాత్రి కాల్స్ ఉన్నాయి. ఎక్కడ లిఫ్టు ఆగినా సాయంత్రం నుంచి తెల్లారేలోగా ఎప్పుడైనా ఫోను వస్తుంది, పరిగెత్తాలి. నెలకి జీతం ఇరవై ఒక్కవేలు. అందులో మూడువేలు ఆ కాల్స్‌వే.

ఓ పాత భవనం మీద లిఫ్టు మోటారుండే మిషన్ రూంలో గ్రీజు పూస్తూ సూపర్‌వైజర్‌తో అనేశాడు.

"సార్, రాత్రి కాల్స్ నుంచి నా పేరు తీసెయ్యండి."

సూపర్‌వైజర్ లావుపాటి మనిషి. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. "పెళ్ళి కుదిరిందా?"

"లేదు సార్. వంట కుదిరింది."

సూపర్‌వైజర్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "మూడువేలయ్యా. నీ తర్వాత చేరినవాళ్ళు ఆ కాల్స్ కోసం కాచుకుని కూర్చున్నారు. ఒకసారి పోతే మళ్ళీ రాదు."

"తెలుసు."

"పిల్లల కోసమే కదా డబ్బు కావాలి. ఉన్నది వదులుకుంటానంటావేమిటి?"

"రాత్రి ఫోనొస్తే పొయ్యిమీద గిన్నె దించి పరిగెత్తాలి సార్. తర్వాత వాళ్ళు ఏం తిన్నారో, అసలు తిన్నారో లేదో నాకు తెలీదు. నెలకి అలా పదిసార్లు పార్సిలు తెప్పిస్తే ఆ మూడువేలు దానికే పోతున్నాయి. లెక్కేసి చూశాను."

సూపర్‌వైజర్ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. "రాసివ్వు," అన్నాడు.

రాసిచ్చాడు. సంతకం పెడుతున్నప్పుడు వేలి బ్యాండేజీ గ్రీజుతో నల్లగా ఉంది.

* * *

శుక్రవారం సాయంత్రం మామయ్య మొదటిసారి ఈల వేసుకుంటూ కూడాడు.

"రెండువందల యాభై ఒకటి," అన్నాడు. "అమ్మా, విన్నావా? రెండువందల యాభై ఒకటి. సగం కన్నా తక్కువ."

"చెప్పానుగా," అంది అమ్మమ్మ. "మూతపెట్టి వండితే ఎందుకు తగ్గదు?"

"తప్పు."

ఇద్దరూ తిరిగి చూశారు. అమ్మడు. కోర్టు నుంచి వచ్చాక ఆ పిల్ల అన్న మొదటి మాట అదే.

"ఏది తప్పే?" అన్నాడు మామయ్య మెల్లగా, ఎక్కడ మళ్ళీ నోరు మూసుకుంటుందోనని.

"లెక్క. అందులో అమ్మమ్మ లేదు."

"నోర్ముయ్యవే," అంది అమ్మమ్మ.

"తనకి గుడ్డు వేడిచేస్తుందని మూడే ఉడకెయ్యమంది. పాలు అరగట్లేదంది. రాత్రి ఆకలిగా లేదంది. మూడ్రోజుల నుంచి అదే. నిన్న రాత్రి మంచినీళ్ళకి లేస్తే వంటగదిలో దీపం వెయ్యకుండా కూర్చుని మా డబ్బాల్లో మిగిలిన రొట్టెముక్కలు తింటోంది."

మామయ్య కాగితం కింద పెట్టేశాడు.

తనే వండాడు. మూడు గుడ్లే ఉడకేశాడు. పాలు తగ్గించి కొన్నాడు. తల్లి చెప్పిన ప్రతి సాకూ నమ్మాడు, ఎందుకంటే నమ్మితే అంకె తగ్గుతోంది.

"నిజమేనా?"

అమ్మమ్మ కట్టు మీద లేని దుమ్ము దులుపుకుంది. "ముసలిదాన్ని, ఎంత తింటాను? పిల్లలు మనకి దక్కేదాకా కాస్త కడుపు కట్టుకుంటే పోయేదేముంది?"

"దక్కాక?"

"దక్కాక తింటాను."

"దక్కాక మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? ఆవిడకి నేనిచ్చే కాగితం ఒక్క ఆదివారానికి కాదు. వీళ్ళు పెద్దయ్యేదాకా. నువ్వు అప్పటిదాకా రొట్టెముక్కలు ఏరుకు తింటావా?"

"అరవకు. బుడ్డి లేస్తుంది."

"నేను అరవట్లేదు."

నిజంగానే అరవలేదు. అందుకే అమ్మమ్మకి తల ఎత్తడం కష్టమైంది.

"మీ అక్క పోయినప్పుడే నా తిండి సగం పోయిందిరా," అంది చివరికి. "పొదుపు కోసమే అనుకోకు. ముద్ద దిగట్లేదు. దిగనిదాన్ని లెక్కలో రాయించడం ఎందుకని."

వీధిలో ఎవరో బండి స్టార్టు చేయలేక పదేపదే తంతున్నారు.

మామయ్య లేచి వంటగదిలోకి వెళ్ళాడు. గుడ్డు ఉడకేశాడు, పాలు వెచ్చబెట్టాడు, ఉన్న అన్నంలో పప్పు కలిపాడు. తెచ్చి తల్లి ముందు కూర్చుని ముద్ద చేసి నోటిదగ్గర పెట్టాడు.

"దిగకపోతే దిగేదాకా కూర్చుంటాను. నాకు రాత్రి కాల్స్ లేవు," అన్నాడు.

అమ్మమ్మకి అప్పటిదాకా ఆ సంగతి తెలీదు. కొడుకు వంక నిదానంగా చూసింది. అడగాల్సినవి చాలా ఉన్నాయి. నోరు తెరిస్తే ముద్ద పెట్టేశాడు.

అమ్మడు కాగితం తీసుకుని పాత అంకె కొట్టేసింది. మళ్ళీ కూడింది. బియ్యం యాభై, పప్పు ఇరవై ఎనిమిది, కూరలు నలభై ఐదు, గుడ్లు నాలుగూ ఇరవై ఎనిమిది, పాలు అరవై, పొద్దుటి టిఫినుకి ఇరవై, గ్యాసు ఇరవై మూడు, నూనె పన్నెండు, అరటిపళ్ళు పన్నెండు, ఉప్పూకారాలకి ఎనిమిది.

"రెండువందల ఎనభై ఆరు," అంది.

"అదీ లెక్క. అదే చూపిద్దాం," అన్నాడు మామయ్య.

* * *

ఆదివారం కౌన్సిలర్ చెప్పిన వేళకే వచ్చింది. వెనకాలే మేనత్త.

మేనత్తకి బస్టాండు దగ్గర సొంత మందుల షాపుంది. పొద్దున్నించి రాత్రిదాకా కౌంటర్లో నిలబడే మనిషి కాబట్టి కూర్చోమన్నా వెంటనే కూర్చోదు. పిల్లలకి తెచ్చిన పళ్ళు బల్లమీద పెట్టి, అమ్మమ్మ దగ్గరికెళ్ళి కట్టుచెయ్యి చూసింది. "వాపు తగ్గిందా అత్తయ్యగారూ? వేళ్ళు కదులుతున్నాయా?" అని అడిగింది. పగతో వచ్చిన మనిషి అడిగినట్టు లేదు.

"కదులుతున్నాయమ్మా. కూర్చో."

కౌన్సిలర్ మాత్రం నేరుగా వంటగదిలోకి నడిచింది. మూతలు తీసి చూసింది. అన్నం, పప్పు, బీన్స్ కూర, ఉడికిన గుడ్లు. డబ్బాల్లో నెలకి తెచ్చిపెట్టిన సరుకులు. చెత్తబుట్ట మూత కూడా తీసింది. బీన్స్ తొడిమలు, గుడ్ల పెంకులు ఉన్నాయి.

"మీరే వండారా?"

"నేనేనండి. ఉప్పు మాత్రం అమ్మ చూసింది."

అందరూ తినడానికి కూర్చున్నారు. కౌన్సిలర్ వద్దంది కానీ, బుడ్డి ఆవిడ చెయ్యి పట్టుకుని "మాడలేదండీ, నిజంగా," అంటే ఒక గరిటెడు వడ్డించుకోక తప్పలేదు. మేనత్త ఒక్కో ముద్దా నెమ్మదిగా తింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. రెండోసారి పప్పు వేసుకుంది.

కౌన్సిలర్ ఎడంచేత్తో కాగితం పట్టుకుని చదివింది.

"రోజుకి రెండువందల ఎనభై ఆరు. నెలకి ఎనిమిదివేల ఐదువందల ఎనభై." ఆగింది. "జీతం పద్దెనిమిది వేలని రాశారు. మొన్న ఇరవై ఒకటన్నారు?"

"రాత్రి డ్యూటీలు మానేశానండి. మీరు ఎవరు వండుతారని అడిగారు కదా."

మేనత్త తల ఎత్తింది. "మూడువేలు వదిలేశావా?"

"వదిలేశాను వదినా."

"అద్దె ఏడువేలు," కౌన్సిలర్ చదువుకుంటూ పోయింది. "బడి వ్యాను, కరెంటు, మందులు రెండువేలు. అంటే నెలాఖరుకి మీ చేతిలో..."

"నాలుగువందల ఇరవై ఉంటాయండి."

"ఒక జ్వరం వస్తే?"

"తెలిసినవాళ్ళకి ఆదివారాలు చిన్న చిన్న రిపేర్లు చేస్తాను. పిల్లల్ని వెంటబెట్టుకునే వెళ్తాను. మోటార్లు, ఫ్యాన్లు. అవి ఇందులో రాయలేదు. ఖాయం కానిది రాయకూడదనుకున్నాను."

కౌన్సిలర్ కాగితం మడవలేదు, బల్లమీద జాగ్రత్తగా పెట్టింది. "ఇంత వివరంగా నాకు ఎవరూ రాసివ్వలేదు," అంది.

అమ్మమ్మ ఎడంచేత్తో పప్పుగిన్నె కొడుకు వైపు జరిపింది. 

అప్పుడు మేనత్త చెయ్యి కడుక్కుని వచ్చి, మామయ్యకి ఎదురుగా కూర్చుంది.

"పెట్టలేవని నేను ఇంక అనను," అంది మామయ్యతో. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నాలుగువందల మీద ఎన్నాళ్ళు నడుస్తావు? నువ్వు మంచం పడితే? నాకు పిల్లల్లేరు. ఇంట్లో మూడు గదులున్నాయి, తినేది మేమిద్దరమే. వాళ్ళు మా అన్నయ్య పిల్లలు కూడా కదా." బుడ్డి వైపు చూసింది. "ఇద్దర్నీ అడగను. బుడ్డిని ఇవ్వు. చిన్నది, త్వరగా అలవాటు పడుతుంది. అమ్మడు నీ దగ్గరే ఉంటుంది. ఉన్నదాంట్లో దానికి ఇంకా బాగా పెట్టుకోగలవు. నీకూ ఊపిరి ఆడుతుంది. ఎవరి మాటా పోదు."

మామయ్య కౌన్సిలర్ వైపు చూశాడు. ఆవిడ వెంటనే కాదనలేదు.

"ఆలోచించదగ్గ మాటే," అంది జాగ్రత్తగా. "అంటే, అందరూ ఒప్పుకుంటేనే."

బుడ్డి అందర్నీ మార్చిమార్చి చూస్తోంది. తన పేరు వినపడింది కానీ తనని ఎక్కడికి పంపుతున్నారో అర్థం కాలేదు.

"నేను ఒప్పుకోను," అన్నాడు మామయ్య. "నలుగురికి వేసిన లెక్క అది. ముగ్గురికి కాదు."

"బుడ్డి వద్దు అత్తా."

అమ్మడు కంచం ముందునుంచి లేచింది. కంచంలో అన్నం సగానికి సగం అలాగే ఉంది.

"బుడ్డి తినేది సగమే. అది వెళ్ళినా పెద్దగా ఏం తగ్గదు. నేనొస్తాను. లెక్కలో నాదే ఎక్కువ."

మామయ్యకి మొదట మాటలు అర్థం కాలేదు. అర్థమవుతున్న కొద్దీ చూపు లెక్క వైపు తిరిగింది. కాగితం బల్లమీద ఉంది. అమ్మడి దగ్గరే పెరిగిందని గురువారం తనే అన్నాడు. ఈ పిల్ల ముందే, తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"అమ్మడూ," అన్నాడు. "నిన్ను ఉంచుకోడానికే కదే ఆ లెక్కంతా వేసింది."

"తెలుసు మామయ్యా."

"మరి?"

"నన్ను ఉంచుకుంటే అమ్మమ్మ మళ్ళీ తినడం మానేస్తుంది. నువ్వు మళ్ళీ రాత్రిళ్ళు వెళ్తావు. నేనెళ్తే రోజుకి ఎనభై తగ్గుతుంది. వేసి చూశాను."

ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. అమ్మమ్మ ఎడంచెయ్యి గాల్లోకి లేచి ఎక్కడా ఆనకుండా ఆగిపోయింది.

కౌన్సిలర్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇది నీకు ఎవరైనా చెప్పారా తల్లీ?"

"ఎవరూ చెప్పలేదండి. నా ఇష్టం వింటారన్నారు కదా."

"వింటారు. బుధవారం జడ్జిగారు నిన్ను విడిగా పిలిచి అడుగుతారు. ఆ రోజు కూడా ఇదే చెప్తావా?"

"ఇదే చెప్తాను."

మేనత్తకి ఒక పిల్ల దొరుకుతోంది. అయినా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని పిల్లవంక చూస్తోంది. "ఇలా కాదే," అంది కొంగు చాటునుంచి. "ఇలా నాకొద్దే."

అమ్మడు లోపలి గదిలోకి వెళ్ళి బడిసంచి తెచ్చింది. పుస్తకాలు తీసేసి బట్టలు సర్దినట్టుంది, జిప్పు పడక ఒకవైపు గౌను అంచు బయటికి వచ్చింది. దాన్ని గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర పెట్టింది. ఎప్పుడు సర్దిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

బుడ్డి పరిగెత్తుకెళ్ళి ఆ సంచి మీద కూర్చుంది.

మామయ్య లేచాడు. కౌన్సిలర్ ఏదో అనబోతే చేత్తో ఆగమన్నాడు. అమ్మడు సగంలో వదిలేసిన కంచం తీసుకుని, చల్లారిన అన్నంలో వేడి పప్పు వేసి, మళ్ళీ ఆ పిల్ల కూర్చునే చోటే పెట్టాడు.

"ఆ లెక్క సరిచెయ్యడానికి బుధవారం దాకా నాకు టైముంది," అన్నాడు. "అప్పటిదాకా నువ్వు ఈ ఇంటి పిల్లవి. వచ్చి తిను."

అమ్మడు కంచం వంక చూసింది. గుమ్మం వంక చూసింది. రెండింటి మధ్య అలాగే నిలబడిపోయింది.